అందరికంటే ముందు ఖాలా అన్న మాట

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా కోరుట్లలో బడులు సరిగా తెరుచుకోలేదు. తెలంగాణ కావాలని మొదటిసారి పిల్లలు పుస్తకాలు పక్కనబెట్టి రోడ్డెక్కిన ఏడాది అది. నాకప్పుడు పదేళ్ళు. బడి లేదంటే మొదట్లో సంబరంగానే ఉండేది. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా మా అన్నే గుర్తుకొస్తాడు.

మా అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. పదో తరగతి పరీక్ష రాయవలసినవాడు. మా నాయన బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసేవాడు, ఏడాదికి ఒకసారి వచ్చి నెల రోజులుండి వెళ్ళేవాడు. అమ్మ బీడీలు చేసేది. మా వాడకట్టులో ఆడవాళ్ళందరిదీ అదే పని. పొద్దున ఇంటి పనులు కాగానే తునికాకు, తంబాకు వేసుకున్న చాటలు ఒళ్ళో పెట్టుకుని పక్కింటి పందిరి కిందికి చేరేవాళ్ళు. పెద్దవాళ్ళు బీడీలు చుడితే, నాలాంటి ఆడపిల్లలం వాటి కొసలు మడిచేవాళ్ళం. చేతులు కదులుతూనే ఉండేవి, నోళ్ళూ కదులుతూనే ఉండేవి. ఊళ్ళో ఏ సంగతైనా ముందు ఆ పందిరి కిందికి వచ్చి తర్వాతే మిగతా ఊరికి పోయేది.

ఆ పందిరి మా పక్కింటి ఖాలాది. ఖాలా అంటే వాళ్ళ ఉర్దూలో పిన్ని. మేము పిల్లలందరం ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళం. పెద్దవాళ్ళు అక్కా అనేవాళ్ళు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు, ఇరవై దాటిన వాడు, సైకిళ్ళు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. అతన్ని నేను భాయ్ అనేదాన్ని. తలవంచుకుని పోయేవాడు, తలవంచుకుని వచ్చేవాడు. జగిత్యాలలో ఒక సంబంధం దాదాపు ఖాయమైందని ఖాలా ఆ ఏడు మహా సంతోషంగా ఉండేది.

ఊరేగింపులు మొదలైన కొత్తలో మా అన్న ముఖం వెలిగిపోయేది. సాయంత్రం ఇంటికి వచ్చి ఎవరేం మాట్లాడారో, ఎంతమంది వచ్చారో గొంతు బొంగురుపోయేదాకా చెప్పేవాడు. అమ్మ భయపడేది, మళ్ళీ మురిసిపోయేది. కానీ రోజులు గడిచేకొద్దీ ఊరేగింపులు తగ్గాయి, బడి మాత్రం తెరవలేదు. పొద్దంతా చేయడానికి ఏమీ లేని మగపిల్లలు బస్టాండు దగ్గర, వాగు గట్టున గుంపులుగా కూర్చునేవాళ్ళు. ఒకసారి తోపులాటలో కిందపడి అన్నకు భుజం పట్టేసింది. నొప్పి తెలియదు తాగరా అని పెద్దవాళ్ళెవరో మొదటి గ్లాసు చేతికిచ్చారట. మా వాడకట్టు చివర సార దుకాణం ఉండేది. దాన్ని నడిపే ఆయన మొదట్లో ఈ పిల్లలకు ఊరికే పోసేవాడు. మీసాలు సరిగా రాని పిల్లలను కూర్చోబెట్టి, పోరాటం చేసేటోళ్ళు మీరు, ఒంట్లో సత్తువ ఉండాలె అనేవాడట.

ఒకరోజు సాయంత్రం పెరట్లో అన్న వాంతి చేసుకుంటుంటే నేను చూశాను. నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆ వాసన నాకు తెలుసు, ఆ దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా వచ్చేదే. అన్న గోడకు ఆనుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వకు చెప్పకే. చెప్తే నా మీద ఒట్టే. ఇదే ఆఖరు, మల్ల ముట్ట."

మేము అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్ళం. చెప్పను అన్నాను. నేలమీద నీళ్ళు పోసి కడిగాను, అంగీ నానబెట్టాను. అన్న రహస్యం నా ఒక్కదాని చేతిలో ఉందని ఆ పొద్దు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ ముచ్చట ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

అది ఆఖరు కాలేదు. వారానికోసారి అనుకున్నది రోజూ అయింది. అన్న ఎక్కడ అని అమ్మ అడిగితే, దోస్తు ఇంట్లో చదువుకుంటున్నాడని నేనే చెప్పేదాన్ని. అబద్ధం చెప్పడం కూడా బీడీ కొస మడవడంలాంటిదే, చేయగా చేయగా చేతులకు అలవాటైపోతుంది. అన్న సరిగా తినడం మానేశాడు. కళ్ళు ఎర్రగా ఉండేవి. పుస్తకాల సంచి గూట్లో ఉన్నచోటే ఉండి దుమ్ము పట్టింది. అమ్మ అతన్ని చాలాసేపు చూస్తుండేది గానీ ఏమీ అనేది కాదు. చివరకు ఒకరోజు, పిల్లగానికి గాలి సోకింది, కొండగట్టుకు తీసుకపోత అంది. అక్కడ గుట్టమీది ఆంజనేయుడి గుడిలో పదకొండు రోజులు నిద్ర చేయించి తీసుకొచ్చింది. వచ్చిననాడు అన్న ముఖం తేటగా ఉంది. రెండు పూటలా తిన్నాడు. నా జడ లాగి ఏడిపించాడు. నేను కూడా అంజన్నే గాలి తీసేశాడని నమ్మాలనుకున్నాను.

అప్పటికి మా వాడకట్టులో తాగేది మా అన్న ఒక్కడే కాదు. పందిరి కింద మాటలు మారాయి. ఇదివరకు కొడుకుల గురించి గొప్పలు చెప్పుకునే ఆడవాళ్ళు కొడుకుల ఊసెత్తడం మానేశారు. ఎవరైనా అడిగితే మరో సంగతి ఎత్తుకునేవాళ్ళు. ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్ళు కొంగుకింద దాచుకున్నారు. ప్రతి తల్లీ ఈ అప్రతిష్ఠ తన ఒక్క గడపకే వచ్చిందనుకుంది.

కొండగట్టు నుంచి వచ్చిన నాలుగైదు రోజులకు, మధ్యాహ్నం, అందరూ పనిలో ఉండగా ఖాలా చేతిలోని చాట పక్కన పెట్టింది. ఆమె చాట పక్కన పెట్టడమే వింత. అందరూ తలెత్తారు.

"మా ఇంట్ల మొదలైందమ్మా" అంది. "మావోడు సార తాగుతుండు. నా కండ్లతోటి చూసిన. ఎవలతోని చెప్పుకోవాలె? మీతోనే చెప్పుకుంటున్న."

ఎవరి చేతులూ కదలలేదు. తలవంచుకుని పోయే ఆ భాయ్ సార తాగుతాడా అని నేను నోరు తెరుచుకుని చూశాను. కాసేపటికి మూలన కూర్చున్న ఒకామె చాటలోకి చూస్తూనే, "మావోడు గూడనక్కా" అంది. ఆమె గొంతు విని ఇంకొకామె ఏడ్చేసింది. తర్వాత ఒకరి వెనుక ఒకరు. ఒకామె కొడుకు ఇంట్లో ఇత్తడి చెంబు అమ్మేశాడు. ఒకామె కొడుకు తల్లిమీద చెయ్యెత్తాడు. చెప్పినవాళ్ళంతా ఏదో బరువు దించుకున్నట్టు గోడకు ఆనుకున్నారు. మిగిలింది మా అమ్మ. ఖాలా మా అమ్మ వైపే చూస్తోంది.

అమ్మ బీడీకి దారం చుడుతూ అంది. "మావోనికి గాలి సోకిందక్కా. కొండగట్టు అంజన్న తీసేసిండు. గిప్పుడు మంచిగనే ఉన్నడు."

నేను అమ్మ పక్కనే ఉన్నాను. ముందురోజు సాయంత్రమే అన్న నోటి నుంచి మళ్ళీ ఆ వాసన వచ్చింది. ఇప్పుడు చెప్పాలి అనిపించింది. ఖాలా చూపు అమ్మ మీది నుంచి నా మీదికి వచ్చింది. ఆ చూపు చాలాసేపు నిలిచింది. నేను తలవంచుకుని కొసలు మడుస్తూ కూర్చున్నాను.

ఆ మర్నాటి నుంచి ఆ ఆడవాళ్ళు చేసిన పని మా ఊరు ఎన్నడూ చూడనిది. పొద్దు వాలేవేళకు చాటలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి సార దుకాణం ముందు కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టారు. తిట్టలేదు, కొట్టలేదు, దారికి అడ్డం కూడా కూర్చోలేదు. తల్లి కూర్చున్న చోటికి ఏ కొడుకు వస్తాడు? వచ్చిన పిల్లలు మూలమలుపు దగ్గరే ఆగి వెనక్కి తిరిగేవాళ్ళు. వాళ్ళ వెనక మగవాళ్ళు కొందరు కూడా తిరిగారు. మూడోరోజు దుకాణం ఆయన బయటికి వచ్చాడు.

"బీడీలు చేసుకోను మీకు ఇండ్లు లేవా?"

"ఇండ్లున్నయి" అంది ఖాలా తల ఎత్తకుండా. "ఇండ్లల్ల పిల్లలే లేరు. ఈడ ఉన్నరంటే అచ్చినం."

పిల్లలను వెనక్కి తిప్పితే చాలదని కూడా ఆ పందిరి కిందే అనుకున్నారు. తిప్పినవాడు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. బడి లేక ఇంట్లోనే ఉన్న మా లెక్కల సారును ఖాలా వెళ్ళి బతిమాలి తీసుకొచ్చింది. ఆయన మధ్యాహ్నాలు ఆ పందిరి కిందే పెద్దపిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. చదువు మీద మనసులేని ఇద్దరిని భాయ్ తన సైకిల్ దుకాణానికి తీసుకుపోయాడు. ఎవరి కొడుకునైనా ఎవరైనా ఆపి, ఎక్కడికి పోతున్నవురా అని అడగవచ్చని అందరూ ఒప్పుకున్నారు. సొంత తల్లితో మాట్లాడని పిల్లవాడు పొరుగింటి అత్త పెట్టిన అన్నం తిని ఆమెతో నాలుగు మాటలు చెప్పేవాడు. తాగి వచ్చినవాణ్ణి నలుగురిలో పెట్టి తిట్టవద్దని ఖాలా గట్టిగా చెప్పింది. తిడితే మళ్ళీ దాచుకుంటారు అంది. కొన్ని వారాలకు దుకాణం అక్కడి నుంచి లేచిపోయింది. ఇత్తడి చెంబు అమ్మిన పిల్లవాడు తర్వాత పరీక్ష పాసయ్యాడు.

ఈలోగా ఖాలా కొడుకు తాగుతాడన్న మాట జగిత్యాల దాకా పోయింది. పిల్లనిస్తామన్నవాళ్ళు వద్దని కబురు పంపారు. ఖాలా ఆ రోజు పందిరి కిందికి రాలేదు. భాయ్ మాత్రం ఎప్పటిలాగే తలవంచుకుని దుకాణానికి పోయాడు. తాగుబోతుకు తగిన శాస్తి అని ఎవరో అంటే నేను విన్నాను. నాకు కూడా అట్లాగే అనిపించింది.

మా అన్న పందిరి కిందికి పాఠానికి వచ్చేవాడు. రెండు రోజులు వస్తే మూడోరోజు రాడు. ఎవరూ అతన్ని ఆపి అడగలేదు, ఎందుకంటే మా ఇంట్లో ఆ బాధ లేదని మా అమ్మ నలుగురిలో చెప్పింది. దుకాణం మూతపడ్డాక వాగు అవతల తుమ్మల్లో ఎవరో దొంగచాటుగా కాచి అమ్మేవాళ్ళు. అందులో ఏం కలిపేవాళ్ళో ఎవరికీ తెలియదు. అన్న అక్కడికి పోతున్నాడని నాకు తెలుసు. చెప్పులకు వాగు ఇసుక అంటుకుని ఉండేది. నేను దాన్ని దులిపి చెప్పులు లోపల పెట్టేదాన్ని.

ఒక పొద్దున భాయ్ అన్నను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. వాగు గట్టున పడి ఉన్నాడట. కడుపు నొప్పి అని మెలికలు తిరిగిపోతున్నాడు. భాయ్ ఎక్కడి నుంచో జీపు తెచ్చాడు. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు చేతనైనదంతా చేశాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం అన్న ఆసుపత్రి మంచం మీద నుంచి అన్నాడు.

"అవ్వా, తలుపెందుకు ఏసినవే? ఏం కండ్లబడుతలేదు."

తలుపు తెరిచే ఉంది. ఎండ అతని కాళ్ళ మీదికి వచ్చి ఉంది. అమ్మ లేచి వెళ్ళి, తెరిచి ఉన్న తలుపును కొంచెం కదిలించి, "తీసిన బిడ్డా" అంది. ఆ మర్నాటి పొద్దునకు అన్న లేడు. నాయన బొంబాయి నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. పాడె ముందు భాగం మోసినవాళ్ళలో భాయ్ ఉన్నాడు.

తర్వాత నాకు అన్నం సహించేది కాదు. బీడీల కొసలు మడుస్తుంటే వేళ్ళు ఆగిపోయేవి. ఒకరోజు అందరూ వెళ్ళాక ఖాలా నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"కడుపుల ఏం పెట్టుకున్నవే బిడ్డా?"

అంతా చెప్పాను. పెరట్లో వాంతి, ఒట్టు, నానబెట్టిన అంగీ, దులిపిన ఇసుక. నేనే చంపాను ఖాలా అన్నాను. ఆమె నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

"నాకెరుకే బిడ్డా. మీ అన్న తాగుతుండని మావోడు అందరికన్న ముందుగాల నాకు చెప్పిండు. మావోడు ఎన్నడు ముట్టలే. చుక్క గూడ ముట్టలే."

నాకు అర్థం కాలేదు. మరి తాగుతడని ఎందుకు చెప్పినవని అడిగాను.

"మీ ఇంటికచ్చి, నీ కొడుకు తాగుతుండు అంటే మీ అవ్వ తలుపేసుకుంటది. మా ఇంట్ల గూడ గదే ఉన్నది అంటే నా పక్కకచ్చి కూసుంటదనుకున్న. మావోన్ని అడిగిన, నీ పేరు చెప్త బేటా, నీ మీద మచ్చ పడ్తది అని. చెప్పమ్మీ అన్నడు." ఖాలా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అందరు అచ్చిన్రు. ఎవల కోసం చెప్పిన్నో గా ఒక్కతే రాలే."

సంబంధం తప్పిపోయిన నాడు తలవంచుకుని పోయిన భాయ్ కళ్ళముందు కదిలాడు. పదేళ్ళ పిల్లను, అయినా సిగ్గుతో కుంచించుకుపోయాను. మన తప్పును దాచడానికి మనుషులు అబద్ధమాడతారని నాకు తెలుసు. నేనే ఆడాను. పక్కింటి బిడ్డ కోసం తన బిడ్డ మీద మచ్చ వేసుకునే మనిషి ఉంటుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

"మీ అవ్వతోని నువ్వే చెప్పాలె" అంది ఖాలా. "నేను పక్కన కూసుంట."

ఆ సాయంత్రమే చెప్పాను. అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని నిప్పులకేసి చూస్తూ, మెల్లగా అంది.

"నాకు వాసన తెల్వదా బిడ్డా? నేను కన్న పిల్లగాడు. మీ నాయినకు ఏమని చెప్పాలె, నలుగుట్ల ఏమని చెప్పాలె అని... గుట్ట మీదికి తీస్కపోతే పదకొండు దినాలన్న దూరముంటడు, మర్సిపోతడు అనుకున్న. నీకు తెల్వద్దని నేను దాచిన."

నేను అమ్మకు తెలియకూడదని దాచాను. అమ్మ నాకు తెలియకూడదని దాచింది. ఇద్దరమూ ఒకే పెరట్లో ఒకే వాసన పీల్చుకుంటూ ఒకరి ముఖం ఒకరికి తెలియనట్టు తిరిగాము. మా ఇద్దరి మధ్యలోంచి అన్న రోజూ నడిచి వాగు దాటాడు. ఆ రాత్రంతా మేము ముగ్గురం పొయ్యి దగ్గరే కూర్చున్నాం. ఏడుపు ఆగినప్పుడు ఖాలా కాస్త నీళ్ళు ఇచ్చేది.

కొన్నాళ్ళకు అమ్మ ఖాలాను వెంటబెట్టుకుని జగిత్యాలకు బస్సెక్కింది, నన్నూ తీసుకుపోయింది. వద్దన్నవాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ పోయి, పరాయి గడపలో నిలబడి చెప్పింది. "గా పిలగాడు ముట్టడు. ముట్టింది నా కొడుకు. గా పిలగాని మీద పడ్డ మాట మా ఇంటిది." వాళ్ళు మంచివాళ్ళే. లోపలికి పిలిచి కూర్చోబెట్టారు, నీళ్ళిచ్చారు, అంతా విన్నారు. కానీ ఆ అమ్మాయిని అప్పటికే వేరే చోట ఒప్పుకున్నారు. తిరుగుబస్సులో ఖాలా దారి పొడుగునా మా అమ్మ చెయ్యి పట్టుకునే ఉంది. భాయ్‌కి చాలా ఏళ్ళ తర్వాత మెట్‌పల్లి నుంచి పిల్ల వచ్చింది. ఆమె మంచి మనిషి. అయినా ఆ మధ్య ఏళ్ళు అతనికి ఎవరు తిరిగి ఇస్తారు?

బడులు తెరిచాక నేను చదువుకున్నాను. పంతులమ్మనయ్యాను. పెగడపల్లిలో, బీర్పూర్‌లో, ఇంకా నాలుగైదు ఊళ్ళలో పనిచేశాను. తెలంగాణ కోసం మళ్ళీ ఊళ్ళకు ఊళ్ళు లేచిన రోజుల్లో కాలేజీలు మూతపడి, పిల్లలు గుంపులుగా కూర్చోవడం చూసినప్పుడు నాకు కాళ్ళు నిలవలేదు. తల్లులను కూడగట్టడానికి ఇల్లిల్లూ తిరిగాను. ఎక్కడికి పోయినా ఒకటే. అందరూ వస్తారు, కూర్చుంటారు, ప్రభుత్వాన్ని తిడతారు, దుకాణాలను తిడతారు, తమ ఇంటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మా పిల్లలు మంచోళ్ళే మేడం అంటారు.

అప్పుడు నేను నా కుర్చీ తీసి పక్కన పెట్టి వాళ్ళ మధ్య కింద కూర్చుంటాను. మా అన్న తాగి చచ్చిపోయాడు అంటాను. నాకు తెలిసీ నేను చెప్పలేదు అంటాను. ఇన్ని ఊళ్ళలో ఇన్నిసార్లు అన్నా ఆ రెండో మాట ఇప్పటికీ నాకు అలవాటు కాలేదు. అన్నాక వాళ్ళ ముఖాల్లోకి చూస్తాను. చాలాసార్లు ఎక్కడో వెనక నుంచి ఒక తల్లి గొంతు సవరించుకోవడం వినిపిస్తుంది. ఒక్కోసారి వినిపించదు. వినిపించని ఊరికి మళ్ళీ పోతాను. ఖాలా అబద్ధం చెప్పి తెరవబోయిన తలుపును నేను నిజం చెప్పి తడుతున్నాను. నా దగ్గర ఉన్నది అదొక్కటే.